ఎన్‌రోల్‌మెంట్ మేనేజ్‌మెంట్: అమెరికా విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాల వృత్తి

అమెరికా కళాశాలలు, విశ్వవిద్యాలయాల్లో ఏటా ఎంతమంది విద్యార్థులు చేరాలి, ఎలాంటివారు చేరాలి, రాయితీలు పోను ఒక్కొక్కరు ఎంత ఫీజు కట్టాలి, చేరినవారిలో ఎంతమంది పట్టా పుచ్చుకునేదాకా నిలుస్తారు అనే లెక్కలన్నీ ఒకేచోట నుంచి చూసే పాలనా వృత్తి ఎన్‌రోల్‌మెంట్ మేనేజ్‌మెంట్. 1970లలో బోస్టన్ కాలేజీలో రూపు కట్టిన ఈ పద్ధతి తర్వాత దేశమంతటా పాకింది. అడ్మిషన్ల విభాగం, ఆర్థిక సహాయ కార్యాలయం, రిజిస్ట్రార్ కార్యాలయం, కొత్త విద్యార్థుల ఓరియెంటేషన్, కొన్నిచోట్ల అంతర్జాతీయ విద్యార్థుల విభాగం కూడా దీని కిందికి వస్తాయి. వీటన్నిటికీ పైన ఉండే అధికారి హోదా సాధారణంగా వైస్ ప్రెసిడెంట్.

అమెరికా ప్రవేశాలనగానే మనకు హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ గుర్తొస్తాయి. వందమంది దరఖాస్తు పెడితే నలుగురైదుగురికి మించి సీటు దక్కని చోట్లు అవి. అలాంటివి కొద్ది పదులు మాత్రమే. నాలుగేళ్ల డిగ్రీ ఇచ్చే కళాశాలల్లో ఎక్కువ భాగం దరఖాస్తుదారుల్లో సగానికి పైగా మందికి సీటు ఇస్తాయి. ఎవరిని వద్దనాలా అన్న బెంగ వాటికి లేదు, సెప్టెంబరు నాటికి తరగతులు నిండుతాయా అన్నదే బెంగ. ఈ వృత్తి పుట్టిందీ, ఇన్నాళ్లుగా బతుకుతున్నదీ అలాంటి కళాశాలల అవసరం మీదే.

పుట్టుక

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రవేశాల అధికారి పని వడపోత. 1900లో కాలేజ్ బోర్డు, 1910లో రిజిస్ట్రార్ల సంఘం, 1926లో శాట్ పరీక్ష, 1937లో ప్రవేశాల కౌన్సిలర్ల జాతీయ సంఘం ఆ వడపోతకు ఒక పద్ధతి ఏర్పరచడానికి వచ్చినవే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువు ఖర్చును 1944 నాటి జీఐ బిల్లు భరించింది. 1946 నుంచి 1964 దాకా పుట్టిన పెద్ద తరం ఆ వెనకే కళాశాల వయసుకు వచ్చింది. సీట్లు చాలక కొత్త భవనాలు లేపిన రోజులవి. 1970లు వచ్చేసరికి ఆ ఊపు తగ్గింది. హైస్కూలు దాటే పిల్లల సంఖ్య 1980లలో పడిపోతుందని జననాల లెక్క చూసినవారికి ముందే తెలిసింది.

ఇదే కాలంలో ఇంకో మార్పు జరిగింది. 1965 నాటి ఉన్నత విద్యా చట్టాన్ని 1972లో సవరిస్తూ, ఫెడరల్ సహాయంలో ప్రధాన భాగం కళాశాలల ద్వారా కాకుండా విద్యార్థి పేరున అందేలా అమెరికన్ కాంగ్రెస్ ఏర్పాటు చేసింది. అప్పుడు మొదలైన గ్రాంటునే 1980 నుంచి పెల్ గ్రాంట్ అంటున్నారు. డబ్బు విద్యార్థి వెంట నడుస్తుంది కాబట్టి, విద్యార్థిని ఎవరు రప్పించుకుంటే ఆ కళాశాలకే డబ్బు. ఈ వృత్తి చరిత్ర చెప్పేవారు ఒకరిద్దరు వ్యక్తుల ప్రతిభకు ఇచ్చినంత చోటు ఈ సవరణకు ఇవ్వరు గాని, పోటీకి నేల సిద్ధం చేసింది ఇదే.

ఆ వ్యక్తుల్లో మొదటి పేరు జాక్ మెగ్వైర్. బోస్టన్ కాలేజీలో భౌతికశాస్త్రం బోధించే ఆయన 1971లో అక్కడే ప్రవేశాల డీన్ అయ్యారు. అప్పటికి ఆ జెసూట్ కళాశాల లోటు బడ్జెట్‌లో ఉంది. విద్యార్థుల్లో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ వచ్చిపోయేవారు. దరఖాస్తుల లెక్క ఒక గదిలో, స్కాలర్‌షిప్పుల లెక్క ఇంకో గదిలో, చదువు మధ్యలో మానేసినవారి లెక్క మరెక్కడో ఉండేది. మెగ్వైర్ వాటిని ఒకచోటికి తెచ్చారు. సీటు వచ్చీ చేరనివారు ఎక్కడ చేరారు, ఎందుకు చేరారు అని వాకబు చేయించారు. ఎంత సహాయం ఇస్తే ఎందరు వస్తారో లెక్క కట్టారు. 1976లో కళాశాల పూర్వ విద్యార్థుల పత్రికలో ఈ పద్ధతిని వివరిస్తూ ఆయన రాసిన చిన్న వ్యాసాన్ని ఈ వృత్తికి తొలి పత్రంగా భావిస్తారు. కళాశాల ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్న ఫ్రాంక్ కాంపనెల్లాకు కూడా ఈ ఘనతలో వాటా ఉంది. 1983లో మెగ్వైర్ సొంత సలహా సంస్థ పెట్టుకున్నారు. ఇండియానా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డాన్ హాస్లర్ 1984లో వెలువరించిన పుస్తకంతో ఇది పాఠ్యాంశమూ అయింది. విద్యార్థి కళాశాలను ఎలా ఎంచుకుంటాడు, ఎందుకు మధ్యలో వెళ్లిపోతాడు అనే పరిశోధనలను ప్రవేశాల పనికి ముడిపెట్టినవారిలో హాస్లర్ ముఖ్యుడు.

ఏడాది పొడవునా నడిచే పని

పని దరఖాస్తుతో మొదలవదు. అంతకు ఏడాది, రెండేళ్ల ముందే పేర్లు కొనుక్కోవడంతో మొదలవుతుంది. శాట్ లేదా ఏసీటీ రాసే విద్యార్థుల్లో సమ్మతించినవారి వివరాలను ఆ పరీక్షా సంస్థలు కళాశాలలకు అమ్ముతూ వచ్చాయి. ఫలానా పిన్‌కోడ్లు, ఫలానా మార్కుల మధ్య ఉన్నవారు, ఇంజనీరింగ్ మీద ఆసక్తి ఉన్నవారు అని కోరి మరీ కొనుక్కోవచ్చు. ఆ తర్వాత ఉత్తరాలు, ఈమెయిళ్లు, హైస్కూళ్ల సందర్శన, క్యాంపస్ చూపించడం. శరదృతువులో కౌన్సిలర్లు తమకు కేటాయించిన ప్రాంతాల్లో కారు వేసుకుని తిరుగుతారు. చలికాలం దరఖాస్తులు చదివే కాలం. వసంతంలో సీటు వచ్చినవారిని ఒప్పించే సభలు ఉంటాయి. మే 1 నాటికి విద్యార్థి తన నిర్ణయం చెప్పి డిపాజిట్ కట్టాలన్నది దశాబ్దాల ఆనవాయితీ.

సీటు ఇచ్చినవారిలో చేరేవారి శాతాన్ని యీల్డ్ అంటారు. ఈ వృత్తిలో ఉన్నవారి నిద్ర చెడగొట్టే అంకె అదే. ఒక ఊహాలెక్క వేద్దాం. కళాశాలకు వెయ్యిమంది కొత్త విద్యార్థులు కావాలి. నిరుడు యీల్డ్ 20 శాతం. అంటే 5,000 మందికి సీటు ఇవ్వాలి. ఈసారి అది 18 శాతానికి జారితే వందమంది తక్కువవుతారు. ఒక్కొక్కరి నుంచి ఏటా 25,000 డాలర్లు రావలసిన చోట మొదటి ఏడే 25 లక్షల డాలర్ల గండి పడుతుంది. ఆ బ్యాచి నాలుగేళ్లూ ఉంటుంది గనుక గండి కూడా నాలుగేళ్లు ఉంటుంది. అదే 23 శాతానికి ఎగిస్తే 150 మంది ఎక్కువ వస్తారు, హాస్టల్లో మంచాలు ఉండవు. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ క్యాంపస్‌కు అదే జరిగింది. అనుకున్నదానికంటే సుమారు 800 మంది ఎక్కువ ఒప్పుకున్నారు. తరగతులకు రెండు నెలల ముందు, ఎక్కువగా పత్రాలు గడువులోగా అందలేదంటూ దాదాపు 500 మంది సీట్లు రద్దు చేశారు. గగ్గోలు పుట్టడంతో చాన్సలర్ క్షమాపణ చెప్పి చాలామందిని తిరిగి చేర్చుకోవలసి వచ్చింది. 2019లో వర్జీనియా టెక్‌లో దాదాపు వెయ్యిమంది ఎక్కువైతే, ఏడాది ఆగి చేరేవారికి ప్రోత్సాహకాలు ప్రకటించి, కొందరికి హోటల్ గదులను హాస్టలుగా మార్చారు.

డిపాజిట్ కట్టినా తరగతులకు రానివారు ఉంటారు. దాన్ని సమ్మర్ మెల్ట్ అంటారు. ఇంట్లో మొదటితరం చదువరులకు వేసవిలో వచ్చే ఫారాలు, రుణపత్రాలు, టీకా రుజువులు పెద్ద అడ్డంకి. హైస్కూలు కౌన్సిలర్ సెలవుల్లో ఉంటాడు, కళాశాల ఇంకా తెరవదు, అడగడానికి మనిషి దొరకడు. చివరికి తరగతులు మొదలైన కొన్ని వారాలకు ఒక నిర్ణీత తేదీన తలలు లెక్కపెడతారు. ప్రభుత్వానికి పంపే నివేదికలకు, నిధులకు, ర్యాంకింగులకు ఆ సంఖ్యే ఆధారం.

ఆ తేదీ ఎంత ముఖ్యమో మేరీల్యాండ్‌లోని మౌంట్ సెయింట్ మేరీస్ విశ్వవిద్యాలయం ఉదంతం చెబుతుంది. మొదటి ఏడాది తర్వాత ఎందరు నిలిచారన్న శాతాన్ని ఆ తేదీన ఉన్నవారి సంఖ్య మీదే కడతారు. తడబడే అవకాశమున్న విద్యార్థులను ఒక సర్వేతో గుర్తించి, లెక్కల తేదీ రాకముందే వారు వెళ్లిపోయేలా చూస్తే శాతం మెరుగవుతుందని అక్కడి ప్రెసిడెంట్ తలపోశారు. 2016 జనవరిలో విద్యార్థుల పత్రిక సంగతి బయటపెట్టింది. మరుసటి నెలాఖరుకు ఆయన రాజీనామా చేశారు. కొలమానాన్ని మెరుగుపరచమని జీతమిచ్చి పెట్టుకున్నప్పుడు, కొలిచే తేదీ చుట్టూ ఇలాంటి ఆలోచనలు మొలవడంలో వింతేమీ లేదు.

ఫీజు, రాయితీ

అమెరికా ప్రైవేటు కళాశాల ప్రకటించే ఫీజు పూర్తిగా కట్టేవారు తక్కువ. కళాశాల తన స్కాలర్‌షిప్పుల పేరిట వదులుకునే భాగాన్ని రాయితీ శాతంగా లెక్క కడతారు. కళాశాలల ఆర్థికాధికారుల సంఘం ఏటా చేసే సర్వే ప్రకారం లాభాపేక్ష లేని ప్రైవేటు కళాశాలల్లో కొత్తగా చేరే పూర్తికాల విద్యార్థుల విషయంలో సగటు రాయితీ ఇటీవలి ఏళ్లలో 50 శాతం దాటిపోయింది. అంటే ప్రకటించిన ప్రతి డాలరులో సగం కూడా చేతికి రావడం లేదు. మరి ఫీజు ఎందుకు తగ్గించరు? పెద్ద ఫీజు మంచి చదువుకు గుర్తు అనుకునే తల్లిదండ్రులు ఉన్నారు. ఇరవై వేల డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చిందని బంధువులకు చెప్పుకోవడంలో ఉన్న తృప్తి, ఇరవై వేలు తక్కువ ఫీజున్న కళాశాలలో చేరామని చెప్పుకోవడంలో లేదు. పెళ్లిళ్ల సీజన్లో బట్టల దుకాణం రేటు చీటీ మీద కొట్టివేత గీత పెట్టి కింద తగ్గింపు ధర రాసినట్టే ఇది. తేడా ఒక్కటే, ఇక్కడ ఒక్కో కొనుగోలుదారుకు ఒక్కో తగ్గింపు.

ఎవరికి ఎంత తగ్గించాలన్నదే ఈ వృత్తి గుండెకాయ. ఫీజు 40,000 డాలర్లున్న కళాశాల దగ్గర పంచడానికి 20,000 ఉందనుకుందాం. పేదింటి విద్యార్థి ఒక్కడికి అంతా ఇస్తే అతను చేరతాడు, మిగతా 20,000 ఎలాగో కడతాడు. అదే మొత్తాన్ని కలిగినింటి విద్యార్థులు నలుగురికి అయిదేసి వేలుగా పంచితే, ప్రతిభకు గుర్తింపు దక్కిందని మురిసి నలుగురూ చేరొచ్చు. అప్పుడు కళాశాలకు 1,40,000 డాలర్లు వస్తాయి. పైగా కలిగినిళ్ల పిల్లల శాట్ మార్కులు సగటున ఎక్కువ గనుక ర్యాంకింగుకూ మేలు. గణాంక నమూనాలతో ఈ లెక్క వేసి పెట్టే సలహా సంస్థలు చాలా ఉన్నాయి. పేద విద్యార్థికి సీటు ఇచ్చి, అవసరానికి చాలని సహాయం ప్రకటించి, అతనంతట అతనే మానుకునేలా వదిలేయడం కూడా ఈ లెక్కలో ఒక ఫలితమే. కాగితం మీద అది తిరస్కారం కాదు. ఈ వృత్తి మీద వచ్చిన విమర్శల్లో తీవ్రమైనది ఇదే, దానికి గట్టి జవాబు వృత్తిలోనివారు ఇంతవరకూ ఇవ్వలేకపోయారు. కలిగినవాడి ఫీజుతోనే పేదవాడి స్కాలర్‌షిప్ నడుస్తుందని వారు అంటారు. కొన్ని కళాశాలల్లో నిజంగానే అలా నడుస్తుంది.

సమతౌల్యం తప్పితే ఏమవుతుందో వర్జీనియాలోని మహిళా కళాశాల స్వీట్ బ్రయర్ చూపించింది. రాయితీ 60 శాతం దాటినా విద్యార్థినులు చాలక, 2015 మార్చిలో పాలకమండలి మూసివేత ప్రకటించింది. పూర్వ విద్యార్థినులు కోర్టుకెక్కి, విరాళాలు పోగుచేసి ఆపారు. తర్వాత కళాశాల దారి మార్చి ప్రకటిత ఫీజునే బాగా కోసింది. వసతి, భోజనం కలిపి సుమారు 50,000 డాలర్లున్న ఖర్చు 34,000కు దిగింది. అందరికీ అలాంటి పూర్వ విద్యార్థులు ఉండరు. ఫిలడెల్ఫియాలోని యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ 2024 జూన్‌లో వారం రోజుల గడువిచ్చి మూతపడింది.

నిజంగా చెల్లించవలసిన మొత్తాన్ని అంచనా కట్టే లెక్కయంత్రాన్ని ప్రతి కళాశాలా తన వెబ్‌సైటులో ఉంచాలని 2008 చట్టం నిర్దేశించింది, 2011 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని వల్ల గందరగోళం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

చట్టాలు, కోర్టులు

ధర విషయంలో కళాశాలలు కూడబలుక్కోవడం మీద ప్రభుత్వం కన్ను ఎప్పుడూ ఉంది. ఐవీ లీగ్ కళాశాలలు, ఎంఐటీ కలిసి కూర్చుని ఒకే విద్యార్థికి ఒకే సహాయం ఇచ్చేలా మాట్లాడుకునేవి. 1991లో న్యాయశాఖ దావాతో అది ఆగింది. సీటు వస్తే చేరి తీరాలన్న షరతుతో ముందే దరఖాస్తు పెట్టేవారికి ప్రత్యేక తాయిలాలు ఇవ్వరాదనీ, మే 1 తర్వాత ఇతర కళాశాలలకు మాట ఇచ్చినవారిని లాక్కోరాదనీ ప్రవేశాల కౌన్సిలర్ల సంఘం తన నీతినియమావళిలో రాసుకుంది. ఇది పోటీని అడ్డుకోవడమేనని న్యాయశాఖ అభ్యంతరం చెప్పడంతో 2019లో ఆ నియమాలను సంఘం తీసేసింది. మర్యాదగా సాగుతున్న పద్ధతిని చట్టమే చెడగొట్టిందని పాతతరం అధికారులు ఇప్పటికీ అంటారు. విద్యార్థి వైపు నుంచి చూస్తే బేరమాడే గడువు పెరిగింది. అదే ఏడాది మార్చిలో బయటపడ్డ ప్రవేశాల కుంభకోణంలో ధనిక తల్లిదండ్రులు ఆటల కోచ్‌లకు లంచాలిచ్చి పిల్లలకు దొంగ క్రీడాకారుల సీట్లు కొన్నట్టు తేలింది. అక్కడ దొరికిపోయింది ప్రధానంగా తల్లిదండ్రులు, కోచ్‌లు, ఒక దళారి. ప్రవేశాల కార్యాలయాలు మోసపోయిన పక్షంగా నిలిచాయి.

2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో జాతి ప్రాతిపదికన ప్రవేశాల్లో మొగ్గు చూపరాదని తీర్పు ఇచ్చింది. పరీక్షల సంగతి మరో ఊగిసలాట. శాట్ అక్కర్లేదని 1969లోనే బోడన్ కాలేజీ అంది. 2020 మహమ్మారితో దాదాపు అందరూ ఆ బాట పట్టారు. 2022లో ఎంఐటీ, 2024లో డార్ట్‌మత్ మళ్లీ పరీక్ష కావాలన్నాయి.

రిజిస్ట్రార్, నిలబెట్టుకునే పని

వీటన్నిటి మధ్య పెద్దగా వార్తల్లోకి రాని కార్యాలయం రిజిస్ట్రార్‌ది. మన విశ్వవిద్యాలయాల్లో రిజిస్ట్రార్ అంటే వైస్ చాన్సలర్ తర్వాతి పాలనాధికారి. అమెరికాలో ఆ హోదా బాగా ఇరుకు. కోర్సుల టైంటేబుల్, గ్రేడ్ల రికార్డు, ట్రాన్స్‌క్రిప్ట్, పట్టాకు కావలసిన క్రెడిట్లు పూర్తయ్యాయా లేదా అన్న తనిఖీ అతని పని. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థి రికార్డును అతని అనుమతి లేకుండా బయటివారికి చూపకూడదు. పద్దెనిమిదేళ్లు నిండినా కళాశాలలో చేరినా ఆ హక్కు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి మారుతుంది. కొడుకు మార్కులు అడగడానికి ఫోను చేసిన తండ్రికి రిజిస్ట్రార్ కార్యాలయం ఏమీ చెప్పకపోవడం తెలుగు తల్లిదండ్రులకు కొత్తగా అనిపించే విషయాల్లో ఒకటి.

చేరినవారిని నిలబెట్టడంలో అందరూ చూపించే ఉదాహరణ అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం. పదేళ్ల గ్రేడ్ల రికార్డులు తవ్వి, విద్యార్థి దారి తప్పుతున్నట్టు చెప్పే 800కు పైగా గుర్తులను పట్టుకుని, 2012 నుంచి సలహాదారులకు హెచ్చరికలు పంపే ఏర్పాటు చేశారు. తన మేజర్‌కు పునాది అయిన కోర్సులో సి గ్రేడ్ వచ్చినా సలహాదారు నుంచి పిలుపు వస్తుంది. కొద్ది వందల డాలర్ల బాకీతో పేరు తొలగిపోబోతున్న విద్యార్థులకు దరఖాస్తు అడక్కుండానే చిన్న గ్రాంటు జమ చేయడం వారి మరో పద్ధతి. 2016లో వేసవి సందేహాలకు జవాబిచ్చే చాట్‌బాట్ పెట్టి, డిపాజిట్ కట్టీ రానివారి సంఖ్యను ఐదో వంతు మేర తగ్గించారు. అక్కడ నల్లజాతి విద్యార్థులు, తెల్లవారు దాదాపు సమాన శాతాల్లో పట్టా పొందే స్థితి వచ్చింది. ఇదే రకం సాఫ్ట్‌వేరు కొన్ని విశ్వవిద్యాలయాల్లో జాతిని కూడా ఒక సూచికగా వాడి, నల్లజాతి విద్యార్థులను ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు చూపుతోందని 2021లో ది మార్కప్ పత్రిక బయటపెట్టింది. ఆ హెచ్చరిక అందుకున్న సలహాదారు ఆదుకోవడానికి వాడతాడా, సులువైన కోర్సుకు మారమని పంపేస్తాడా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు.

ఉద్యోగ మార్గం

ఈ వృత్తిలోకి చదువుకుని వచ్చేవారికంటే జారి వచ్చేవారు ఎక్కువ. విద్యార్థిగా ఉండగా క్యాంపస్ చూపించే పని చేసి, పట్టా రాగానే అదే కార్యాలయంలో అడ్మిషన్స్ కౌన్సిలర్‌గా చేరడం మామూలు. జీతం తక్కువ, ప్రయాణం ఎక్కువ, సాయంత్రాలు, శనివారాలు కూడా పనే. రెండు మూడేళ్లలో మానేసేవారు చాలామంది. నిలిచినవారు అసిస్టెంట్ డైరెక్టర్, అసోసియేట్ డైరెక్టర్, డైరెక్టర్, డీన్ మెట్లు ఎక్కుతారు. పైకి వెళ్లాలంటే ఉన్నత విద్యా పాలనలో మాస్టర్స్ డిగ్రీ దాదాపు తప్పనిసరి, వైస్ ప్రెసిడెంట్లలో డాక్టరేట్ ఉన్నవారూ కనిపిస్తారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు 1957 నుంచి ప్రత్యేక కేంద్రం ఉంది. చదువుతూనే కార్యాలయంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా పనిచేయడం ఉద్యోగానికి అసలైన శిక్షణ.

ఇంకో దారి సమాచార వ్యవస్థలది. దరఖాస్తులకు స్లేట్, విద్యార్థి రికార్డులకు బ్యానర్, పీపుల్‌సాఫ్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు వాడతారు. వాటిని నడపగలిగినవారికి, యీల్డ్ నమూనాలు కట్టగలిగినవారికి గిరాకీ ఎక్కువ. ఆర్థిక సహాయ విభాగం నియమాల అడవి. ఫెడరల్ నిబంధన ఒకటి తప్పితే కళాశాల డబ్బు తిరిగి కట్టాలి గనుక అక్కడ ఓపిక, అక్షరం పట్టి చదివే అలవాటు ఉన్నవారు నిలదొక్కుకుంటారు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కలో ఉన్నత విద్యా పాలనాధికారుల మధ్యస్థ వార్షిక జీతం 2023 మే నాటికి లక్ష డాలర్లకు కాస్త పైన ఉంది. అది అన్ని స్థాయిల అధికారులకూ కలిపి కట్టిన సంఖ్య, కొత్త కౌన్సిలర్‌కు అందులో సగం దొరికితే గొప్ప. పై పదవిలో జీతం బాగున్నా భరోసా లేదు. రెండేళ్లు వరసగా సంఖ్య తప్పితే వైస్ ప్రెసిడెంటును మార్చేస్తారు, జనాభా తగ్గడం ఆయన చేతిలో లేకపోయినా.

ఆ తగ్గుదల ఇప్పుడు ముంగిట్లో ఉంది. అమెరికాలో జననాలు 2007లో 43 లక్షలతో శిఖరానికి చేరి, 2008 ఆర్థిక సంక్షోభం నుంచి పడిపోయాయి. ఆ పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండేది 2025 తర్వాత. కార్ల్‌టన్ కాలేజీ ఆర్థికవేత్త నేథన్ గ్రోవ్ 2018లో తన పుస్తకంలో ఈ తగ్గుదల ఏ ప్రాంతాన్ని ఎంత దెబ్బ తీస్తుందో లెక్కలు కట్టారు. ఈశాన్యం, మధ్యపశ్చిమంలోని చిన్న కళాశాలలకు ముప్పు ఎక్కువ. దీనికి తోడు, సరళం చేశామన్న ఫెడరల్ సహాయ దరఖాస్తు 2023 డిసెంబరులో లోపాలతో తెరుచుకుని, ఆ ఏటి ప్రవేశాల క్యాలెండరునంతా తారుమారు చేసింది.

విదేశీ విద్యార్థులు, తెలుగువారు

స్వదేశీ విద్యార్థులు తగ్గే చోట పూర్తి ఫీజు కట్టే విదేశీ విద్యార్థి మీద ఆశ పెరుగుతుంది. 2023–24లో భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి చైనాను దాటిందని ఓపెన్ డోర్స్ నివేదిక తెలిపింది. వారిలో గణనీయ భాగం తెలుగు రాష్ట్రాలవారు. ఎక్కువమంది వచ్చేది కంప్యూటర్ సైన్స్, డేటా వంటి మాస్టర్స్ కోర్సులకు. ర్యాంకింగుల్లో కనిపించని ప్రాంతీయ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కొన్ని ఈ కోర్సుల ఆదాయంతోనే తేరుకున్నాయి.

అమెరికన్ విద్యార్థులను చేర్పించినందుకు కమీషన్ ఇవ్వడం 1992 నుంచి చట్టవిరుద్ధం. ఫెడరల్ సహాయానికి అర్హత లేని విదేశీ విద్యార్థుల విషయంలో మాత్రం మినహాయింపు ఉంది. హైదరాబాద్, విజయవాడ కన్సల్టెన్సీలు విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోకుండానే నడవగలగడానికి ఆధారం ఆ మినహాయింపే. కమీషన్ ఇచ్చే విశ్వవిద్యాలయాల పేర్లే ముందు వినిపించడానికీ అదే కారణం. ఇందులోని ప్రమాదం 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులతో బయటపడింది. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారు. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించడం మీద భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు ఇంకా విచిత్రం. అది వలస అధికారులే వల పన్ని నడిపిన బూటకపు విశ్వవిద్యాలయం. విద్యార్థులను చేర్పించినందుకు అరెస్టయినవారిలోనూ, చేరినవారిలోనూ తెలుగువారు చాలామంది.

నిజమైన విశ్వవిద్యాలయంలో ఈ విద్యార్థులకు దిక్కు డీఎస్‌ఓ అనే అధికారి. ఐ-20 పత్రం ఇచ్చేదీ, 2003 నుంచి నడుస్తున్న సెవిస్ వ్యవస్థలో విద్యార్థి స్థితిని నమోదు చేసేదీ, చదువయ్యాక పనికి అనుమతినిచ్చే ఓపీటీకి సిఫారసు చేసేదీ ఆయనే. ఒకప్పుడు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి, చదువుకునే రోజుల్లో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో గంటల లెక్కన పనిచేసి, ఆ రంగంలోనే స్థిరపడ్డ తెలుగువారు ఉన్నారు. విశ్వవిద్యాలయ ఉద్యోగాలకు హెచ్-1బీ లాటరీ పరిమితి వర్తించకపోవడం ఇందుకు ఒక కారణం. దేశం బయటి నుంచి తెచ్చుకునేవారి కొత్త దరఖాస్తులపై 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో విశ్వవిద్యాలయాలూ ఆచితూచి అడుగేస్తున్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇదే పని

ఇక్కడ ఈ పని ముక్కలుగా విడిపోయి ఉంది. 1986లో ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) వచ్చాక వృత్తి కోర్సుల్లో ఎంపిక ప్రభుత్వ చేతికి వెళ్లింది. ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత, వెబ్ ఆప్షన్ల ఆధారంగా కంప్యూటర్ సీటు కేటాయిస్తుంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు నియంత్రణ కమిటీ నిర్ణయించినదే ఫీజు. అంటే అమెరికన్ వైస్ ప్రెసిడెంట్ చేతిలో ఉండే రెండు ప్రధాన పనిముట్లూ, ఎంపిక, ధర, ఇక్కడి ప్రిన్సిపాల్ చేతిలో లేవు. మిగిలింది క్యాన్వాసింగ్. తన కళాశాల కోడ్‌ను విద్యార్థి వెబ్ ఆప్షన్లలో పైన పెట్టుకునేలా ఒప్పించాలి. ఈ పని చేసే పీఆర్వోలు, టార్గెట్లతో వేసవి ఎండల్లో ఇంటింటికీ తిరిగే లెక్చరర్లు మనకు కొత్త కాదు. వారికి శిక్షణా లేదు, వృత్తి సంఘమూ లేదు. చాలామందికి అది జీతం నిలుపుకోవడానికి తప్పని అదనపు చాకిరీ.

అమెరికాలో 1972 సవరణ చేసిన పనే ఇక్కడ 2008 ప్రాంతంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ చేసింది. ప్రభుత్వ డబ్బు విద్యార్థి వెంట నడిచింది, కళాశాలలు పుట్టగొడుగుల్లా లేచాయి. సీట్లు విద్యార్థులను మించిపోయాక, బకాయిలు పేరుకున్నాక చాలా మూతపడ్డాయి.

ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు చేశాక చిత్రం మారుతోంది. వీటిలో చాలావాటికి సొంత ప్రవేశ పరీక్షలు, అడ్మిషన్స్ డైరెక్టర్లు, నగరాల్లో సంప్రదింపుల కార్యాలయాలు ఉన్నాయి. పరీక్ష ర్యాంకును బట్టో, ఇంటర్ మార్కులను బట్టో నూరు శాతం, డెబ్బై అయిదు, యాభై, పాతిక అంటూ శ్లాబుల వారీగా ఫీజు రాయితీ ప్రకటిస్తున్నాయి. వీటి అడ్మిషన్ల విభాగాల్లో ఎంబీఏలు, కాల్ సెంటర్ అనుభవం ఉన్నవారు, కార్పొరేట్ జూనియర్ కళాశాలల్లో పీఆర్వోలుగా చేసినవారు చేరుతున్నారు. పేరున్న ఇంటర్ కళాశాలల్లో సెమినార్లు పెట్టడం, టాపర్ల ఫోన్ నంబర్లు సేకరించడం, పరీక్ష రాసినవారికి రోజూ ఫోను చేయడం, సీటు బ్లాక్ చేసుకోవడానికి అడ్వాన్సు కట్టించడం వీరి దినచర్య. ఎంసెట్ ఫలితాలు రాకముందే ఆ అడ్వాన్సు చేతిలో పడాలన్నది వీరి లక్ష్యం. కౌన్సెలింగ్‌లో మంచి సీటు వచ్చి విద్యార్థి వెళ్లిపోతానంటే అడ్వాన్సు తిరిగి ఇవ్వడం దగ్గర ఏటా పేచీలు వస్తుంటాయి. వాపసుకు గడువులు, కోత శాతాలు నిర్దేశిస్తూ యూజీసీ నోటిఫికేషన్లు ఇస్తూనే ఉంది.